1757 నాటి బొబ్బిలి ఎక్కడ ఉన్నది?

విజయనగరం జిల్లాలోని బొబ్బిలికి వెళ్ళినవాళ్ళు తప్పక చూసే చోటు ఒకటి ఉన్నది. అది బొబ్బిలి యుద్ధ స్మారక స్తంభం. 1757 జనవరి 24న జరిగిన యుద్ధానికి గుర్తుగా 1891లో దాన్ని నిలిపారు. మీరు ఎప్పుడైనా ఆ స్తంభం దగ్గిర నిలబడితే మీ మనసులో ఒక కోరిక పుట్టక మానదు: "ఒక్కసారి ఆ రోజుకు వెళ్ళగలిగితే ఎంత బాగుండును!"

వెళ్ళి ఏం చేస్తారు? ఆ యుద్ధం కథ తెలిసిన ప్రతి పిల్లవాడికీ ఒకటే ఆలోచన వస్తుంది. ఆ రోజు ఫ్రెంచి సేనాని బుస్సీ తన ఫిరంగులతోనూ, విజయనగరం రాజు విజయరామరాజు తన బలగంతోనూ వచ్చి బొబ్బిలి కోటను చుట్టుముట్టారు. కోటలోని వీరులు లొంగిపోలేదు. సాయంత్రానికి కోట కూలింది. స్త్రీలూ పిల్లలూ కూడా ఆనాడు ప్రాణాలు కోల్పోయారు. మహావీరుడైన తాండ్ర పాపారాయుడు ఆ సమయాన రాజాంలో ఉన్నాడనీ, అతనికి కబురు సకాలంలో చేరలేదనీ, అతను వచ్చేసరికి అంతా ముగిసిపోయిందనీ ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. రాజాం ఎంత దూరం? గద్ద ఎగిరే దారిన ముప్ఫై కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అంతే!

పాపారాయుడు సరి అయిన చోటికే వచ్చాడు. కాని సరి అయిన వేళకు రాలేదు. మీరు గనక ముందురోజుకు పోయి రాజాంలో ఆ కబురు చెప్పగలిగితే?

సరే, మనకొక కాలయంత్రం దొరికిందనే అనుకుందాం. 1895లో వెల్స్ అనే ఆంగ్ల రచయిత తన నవలలో అటువంటి యంత్రాన్ని ఊహించాడు. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన "ఆదిత్య 369" చిత్రంలో అటువంటి యంత్రం ఎక్కినవాళ్ళు శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్ళిపోతారు. మనం మన యంత్రాన్ని స్మారక స్తంభం పక్కనే పెట్టుకుని, ముల్లును 1757కు తిప్పి, మీట నొక్కుదాం. ఎక్కడ తేలతాం?

"అదేం ప్రశ్న? బొబ్బిలిలోనే!" అంటారు మీరు.

కాస్త ఆగండి.

బొబ్బిలి పరుగు

బొబ్బిలి నిలకడగా ఒక చోట ఉండే ఊరు కాదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నది గదా! ఆ తిరుగుడులో బొబ్బిలి సెకండుకు సుమారు 440 మీటర్ల చొప్పున తూర్పుకు పరిగెత్తుతున్నది. అంటే గంటకు దాదాపు 1,590 కిలోమీటర్లు. మనం ఎక్కే విమానాలేవీ అంత వేగంగా పోవు.

ఇది చిన్న పరుగు. భూమి సూర్యుడి చుట్టూ కూడా తిరుగుతున్నది. ఆ వేగం సెకండుకు దాదాపు 30 కిలోమీటర్లు. మీరు "బొబ్బిలి" అనే మాట పలికే లోపల, బొబ్బిలి నుంచి పార్వతీపురం దాటిపోయేంత దూరం భూమి ముందుకు పోయిందన్నమాట!

ఇక సూర్యుడైనా ఊరికే కూర్చున్నాడా? లేదు. తన గ్రహాల సంసారాన్నంతా వెంటబెట్టుకుని, పాలపుంత నడిబొడ్డు చుట్టూ సెకండుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు. ఆయన ఒక్క ప్రదక్షిణం పూర్తి చెయ్యటానికి ఇరవై కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది.

ఇప్పుడు లెక్క వెయ్యండి. సరిగ్గా జనవరి 24 నుంచి జనవరి 24కే పోతాం గనక, భూమి సూర్యుడి చుట్టూ తిరిగి తిరిగి ఇంచుమించు మొదటి చోటికే వచ్చి ఉంటుంది. ఆ సంగతి వదిలెయ్యవచ్చు. కాని సూర్యుడు తిరిగి రాలేదు. 1757 నుంచి నేటి దాకా, 260 సంవత్సరాలకు పైగా, సెకండుకు 230 కిలోమీటర్ల చొప్పున ఆయన నడిచిన దూరం దగ్గిర దగ్గిర రెండు లక్షల కోట్ల కిలోమీటర్లు! సెకండుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయే వెలుగుకు కూడా అంత దూరం పోవటానికి రెండు నెలలకు పైనే పడుతుంది.

కనక మన యంత్రం "ఉన్నచోటనే" ఉండి కాలంలో మాత్రం వెనక్కి పోతే, మనం తేలేది కోట ముందు కాదు. చిమ్మచీకటిలో, గాలి అయినా లేని శూన్యంలో తేలతాం. పాపారాయుడికి కబురు చెప్పటం మాట దేవుడెరుగు, మన కబురు ఇంటికి చెప్పేవాడు కూడా ఉండడు!

చాలామంది ఇక్కడితో ఆగి, "కనక కాలయంత్రం ఎక్కితే ప్రమాదం" అని తేల్చేస్తారు. కాని అసలు తమాషా ఇక్కడే మొదలవుతుంది.

"ఉన్నచోటనే" అంటే ఏ చోట?

మీరు బొబ్బిలి స్టేషనులో విజయనగరం పోయే రైలు ఎక్కారనుకోండి. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. చేతిలోని జామకాయను నిట్టనిలువుగా పైకి ఎగరేశారు. అది ఒక సెకండు గాలిలో ఉన్నది. ఆ సెకండులో బండి 16 మీటర్లకు పైగా ముందుకు పోయింది. మరి జామకాయ వెనక పెట్టెలో పడాలి గదా? పడదు. బుద్ధిగా మీ చేతిలోనే పడుతుంది. మీకూ, పెట్టెకూ, జామకాయకూ ఒకే వేగం ఉన్నది గనక.

జామకాయ బయలుదేరిన చోటుకే వచ్చిందా? మీ పక్కన కూచున్న అవ్వను అడిగితే "వచ్చింది" అంటుంది. గట్టు మీద పశువులు కాచుకునే కుర్రవాడు కిటికీలోంచి చూసి ఉంటే "16 మీటర్ల అవతల పడింది" అంటాడు. ఇద్దరిలో ఎవరిది అబద్ధం? ఎవరిదీ కాదు!

ఈ సంగతి మన ఆర్యభటుడికి బాగా తెలుసు. ఆయన 499లో రాసిన "ఆర్యభటీయం"లో పడవ ఉదాహరణ చెప్పాడు. పడవలో ముందుకు పోయేవాడికి కదలని ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. అలాగే కదలని నక్షత్రాలు మనకు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయని ఆయన అన్నాడు. కదిలేది ఏది, నిలిచేది ఏది అన్నది చూసేవాడు ఎక్కడ ఉన్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

మీ ఇంట్లో పూజ జరిగేటప్పుడు పురోహితుడు సంకల్పం చెప్పటం విన్నారా? మనం ఎక్కడ ఉన్నామో ఆయన ఎలా చెబుతారు? మేరువుకు దక్షిణాన అంటారు. శ్రీశైలానికి ఫలానా దిక్కున అంటారు. బొబ్బిలి వాళ్ళయితే శ్రీశైలానికి ఈశాన్యాన ఉన్నట్టు. ఏదో ఒక గుర్తు పెట్టుకోకుండా, ఊరికే "ఇక్కడ" అని చెప్పటానికి వీలులేదు. "దేనికి ఎంత దూరాన?" అన్న ప్రశ్నకు జవాబు ఉంటేనే చోటు అనే మాటకు అర్థం.

ఆకాశంలో అటువంటి గుర్తు ఏది? అక్కడ మేకు ఏదీ కొట్టి లేదు. పాలపుంత నడిబొడ్డును గుర్తు పెట్టుకుంటే, 1757 నాటి బొబ్బిలి సుమారు రెండు లక్షల కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నది. విశ్వం పసితనంలో బయలుదేరి ఇప్పటికీ అన్ని వైపుల నుంచీ వస్తున్న సన్నటి కాంతి ఒకటి ఉన్నది. దాన్ని బట్టి కొలిస్తే మన సూర్యుడి వేగం సెకండుకు సుమారు 370 కిలోమీటర్లు. అప్పుడు జవాబు మూడు లక్షల కోట్ల కిలోమీటర్లు! మరి స్మారక స్తంభాన్నే గుర్తు పెట్టుకుంటే? బొబ్బిలి అడుగు కూడా కదలలేదు. మూడూ సరి అయిన జవాబులే. ఇది "అసలైన చోటు", అది కాదు అని చెప్పటానికి ప్రకృతిలో ఆధారం లేదు. 1905లో ఐన్‌స్టయిన్ తన సాపేక్ష సిద్ధాంతాన్ని ఈ పునాది మీదనే కట్టాడు.

అందుచేత "యంత్రం ఉన్నచోటనే ఉంటుంది, బొబ్బిలి పారిపోతుంది" అనేవాళ్ళు కూడా పొరపాటు పడుతున్నారు. ఏ గుర్తుకు ఉన్నచోట అన్నది వాళ్ళు చెప్పలేదు గదా!

ఒకే మానులో రెండు

బొబ్బిలి అనగానే యుద్ధంతో పాటు వీణ కూడా గుర్తుకు వస్తుంది. దగ్గిరలోని గొల్లపల్లిలో వీణలు చేసేవారు ఉన్నారు. వాళ్ళు చేసే వీణల్లో ఏకాండి వీణకు గొప్ప పేరు. మామూలు వీణకు కుండ వేరుగా, దండి వేరుగా చేసి అతికించవచ్చు. ఏకాండి వీణలో అతుకు ఉండదు. ఒకే పనసమానును తొలిచి మొత్తం వీణను తీస్తారు.

చోటు, కాలం కూడా అటువంటివే. ఇది చోటు, అది కాలం అని మనం వేరువేరుగా అనుకుంటాం. కాని అవి రెండూ ఒకే మానులోనివి. ఐన్‌స్టయిన్‌కు లెక్కలు చెప్పిన గురువు మింకోవ్‌స్కీ 1908లో ఈ సంగతి స్పష్టంగా చూపాడు.

శుభలేఖ చూడండి. పెళ్ళి ఏ ఊళ్ళో, ఏ వీధిలో అన్నది మాత్రం రాసి ముహూర్తం రాయకపోతే, మీరు విస్తళ్ళు ఎత్తేశాక వెళతారు! ముహూర్తం మాత్రం రాసి ఊరు రాయకపోతే, కొత్త బట్టలు కట్టుకుని ఇంట్లోనే కూచుంటారు. జరిగిన ప్రతి సంగతికీ చోటూ, వేళా రెండూ ఉంటేనే పూర్తి చిరునామా. పాపారాయుడి కథలో దుఃఖమంతా ఇదే గదా!

మనమంతా ఈ చోటు-కాలాల్లో తెంపు లేని దారంలాగా సాగుతున్నాం. స్మారక స్తంభానిది ఒక దారం, మీది ఒక దారం. ఏ వస్తువూ దారం తెంచి ఇంకో చోట అతికినట్టు గెంతటం ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఎప్పుడైనా నిజమైన కాలయంత్రం అంటూ ఉంటే, అదీ ఒక దారి వెంట నడిచి పోవలసిందే. దారి వెంట పోయేవాడు ఎక్కడ తేలతాడన్నది ఆ దారే చెబుతుంది. శూన్యంలో తప్పిపోయే భయం ఉండదు.

ముందుకు పోవటం నిజమే!

భాగవతంలో రైవతుడి కథ ఉన్నది. ఆ రాజు తన కూతురు రేవతికి తగిన వరుణ్ణి చెప్పమని అడగటానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ గానం జరుగుతున్నది. ముగిసేదాకా కాసేపు ఆగి, తన మాట చెప్పాడు. బ్రహ్మ నవ్వి, "ఈ కాసేపట్లో భూమి మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచాయి" అన్నాడు. తండ్రీ కూతుళ్ళు తిరిగి వచ్చేసరికి వాళ్ళు ఎరిగిన మనిషి ఒక్కడూ లేడు. రేవతి బలరాముణ్ణి పెళ్ళాడింది.

అది పురాణ కథ. కాని ఇద్దరికి కాలం రెండు తీరులుగా నడవటమన్నది మాత్రం శాస్త్రం ఒప్పుకునేదే. వేగంగా పోయేవాడి గడియారం నెమ్మదిగా నడుస్తుంది. అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు ఉండి వచ్చినవాడు మనకన్న సెకండులో సుమారు రెండు వందలో వంతు తక్కువ వయసుతో దిగుతాడు. అంటే మన భవిష్యత్తులోకి అంతమేరకు ముందుకు వచ్చేశాడన్నమాట!

అంత చిన్న లెక్క నమ్మటం కష్టమా? అయితే మీ అరచెయ్యి చాచండి. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున గాలిని కొట్టినప్పుడు మ్యుయాన్లనే సూక్ష్మకణాలు పుడతాయి. వాటి సగటు ఆయుర్దాయం సెకండులో పది లక్షల వంతులు చేస్తే రెండు వంతులకు కాస్త ఎక్కువ. వెలుగు వేగంతో పరిగెత్తినా ఆ కాసేపట్లో 660 మీటర్లకు మించి పోలేవు. మధ్య ఆకాశంలోనే దాదాపు అన్నీ నశించి పోవాలి. కాని అవి నేలను చేరుతున్నాయి. వాటి వేగం వల్ల వాటి గడియారం మన లెక్కకు చాలా నెమ్మదిగా నడుస్తున్నది గనక! ఇప్పుడు కూడా మీ అరచేతి గుండా సెకండుకు ఇంచుమించు ఒకటి చొప్పున దూసుకు పోతున్నాయి. అవన్నీ చిన్న చిన్న కాల ప్రయాణికులే.

గడియారం చెడితే చోటు పోతుంది

ఈ లెక్కలు మీ నాన్నగారి ఫోనులో కూడా ఉన్నాయి. ఫోను "మీరు బొబ్బిలిలో ఉన్నారు" అని ఎలా చెప్పగలుగుతున్నది? 20,000 కిలోమీటర్లకు పైన తిరిగే ఉపగ్రహాలు, తమ గడియారంలో ఇప్పుడు ఎంత అయిందో రేడియో ద్వారా చెబుతూ ఉంటాయి. ఆ మాట ఫోనును చేరటానికి ఎంతసేపు పట్టిందో చూసి, ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో ఫోను లెక్క కడుతుంది. అటువంటి నాలుగు ఉపగ్రహాల మాటలు వింటే చోటు తేలిపోతుంది. కాలాన్ని కొలిచి చోటు చెప్పటమన్నమాట!

అయితే ఉపగ్రహాల వేగం వల్ల వాటి గడియారాలు కొంచెం నెమ్మదిస్తాయి. అంత ఎత్తున భూమి ఆకర్షణ తక్కువ గనక అంతకన్న ఎక్కువ త్వరపడతాయి. మొత్తం మీద రోజుకు సెకండులో పది లక్షల వంతులు 38 ముందుకు పోతాయి. "అంతేనా!" అనకండి. దాన్ని సరిదిద్దకపోతే లెక్క రోజుకు 11 కిలోమీటర్ల చొప్పున తప్పుతుంది. రేపటికి మీ బొబ్బిలి ఫోనులో పక్క ఊరు అయిపోతుంది.

మన దేశం కూడా శ్రీహరికోట నుంచి 2013 జూలై 1న అటువంటి మొదటి ఉపగ్రహాన్ని పంపింది. కొన్నాళ్ళకు దానిలోని మూడు రుబీడియం గడియారాలూ చెడిపోయాయి. మిగతా యంత్రాలు పనిచేస్తున్నా, దారి చూపటానికి అది పనికిరాకుండా పోయింది. అందుకని మన శాస్త్రజ్ఞులు పట్టుబట్టి స్వదేశంలోనే అణుగడియారం తయారుచేసి, 2023 మే 29న ఎగిరిన ఉపగ్రహంలో పెట్టారు.

వెనక్కి పోగలమా?

ఇక మన మొదటి కోరిక మిగిలింది. వెనక్కి పోవటానికి దారి ఉన్నదా? 1949లో గోడెల్ అనే గణిత శాస్త్రజ్ఞుడు, విశ్వమంతా ఒక పద్ధతిలో గిరగిర తిరుగుతూ ఉంటే, తిరిగి తన గతంలోకే వచ్చే దారులు ఉండగలవని ఐన్‌స్టయిన్ సమీకరణాల నుంచే చూపాడు. కాని మన విశ్వం అలా తిరుగుతున్న జాడలు లేవు. వెనక్కి పోయే దారి ఏదీ ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

దొరికితే ఇంకొక చిక్కు ఉన్నది. మీరు వెళ్ళి రాజాంలో కబురు చెప్పారు. పాపారాయుడు వేళకు వచ్చాడు. కోట నిలిచింది. అప్పుడు ఈ స్మారక స్తంభమే ఉండదు. స్తంభం లేకపోతే దాన్ని చూసి బాధపడి వెనక్కి పోవాలని మీకు ఎందుకు తోస్తుంది? తోచకపోతే మీరు వెళ్ళరు. వెళ్ళకపోతే కబురు చేరదు. కోట మళ్ళీ కూలుతుంది!

అయినా ఒక సంగతి చెబుతాను. జనవరి రాత్రి పది గంటల వేళ బొబ్బిలిలో మేడ ఎక్కి దక్షిణాన చూడండి. నేలకు అంత ఎత్తున కాకుండా ఒక పెద్ద నక్షత్రం మెరుస్తూ కనిపిస్తుంది. అది అగస్త్య నక్షత్రం. దాని వెలుగు మనను చేరటానికి సుమారు 310 సంవత్సరాలు పడుతుంది. ఈ రాత్రి మీ కంట్లో పడే వెలుగు బొబ్బిలి యుద్ధానికి ముందే అక్కడ బయలుదేరింది. అది దారిలో ఉండగానే కోట కూలింది, స్తంభం లేచింది, మీ తాతలు పుట్టారు, మీరు పుట్టారు. మీరు చూస్తున్నది నిజంగా గతాన్నే!

అలాగే 1757 జనవరి 24న భూమి నుంచి బయలుదేరిన వెలుగు కూడా ఇంకా నడుస్తూనే ఉన్నది. 250 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న చిత్త నక్షత్రమంత దూరాన్ని అది ఇటీవలనే దాటింది. అగస్త్యుడంత దూరం చేరేసరికి మీరు తాతలో, అమ్మమ్మలో అయి ఉంటారు. అంత దూరాన నిలబడి బొబ్బిలిని చూడగల దుర్భిణి ఎవరి దగ్గిరా లేదు గాని, ఆ రోజు మాత్రం పూర్తిగా తుడిచిపెట్టుకు పోలేదు.

ఆ యుద్ధంలో బొబ్బిలి రాజవంశపు పసివాడు ఒకడు ప్రాణాలతో బయటపడ్డాడు. అతని వల్లనే వంశం నిలిచింది. జరిగిపోయిన దానికి మనం కబురు పంపలేం. కాని ఈనాడు ఎవరైనా ఒకరికి వేళకు కబురు అందించటం మన చేతిలోని పనే. దానికి కాలయంత్రం అక్కరలేదు.

ఇక మీకొక లెక్క. మన యంత్రం సరిగ్గా ఒక్క గంట వెనక్కి పోయింది. పాలపుంత నడిబొడ్డును గుర్తు పెట్టుకుంటే, సూర్యుడు ఆ గంటలో ఎంత దూరం నడిచాడు? పైన చెప్పిన వేగంతో మీరే కట్టి, తరువాత ఈ జవాబుతో సరిచూసుకోండి: 8 లక్షల 28 వేల కిలోమీటర్లు. భూమి నుంచి చంద్రుడి దాకా పోయి తిరిగి రావటానికి ఆ దూరం చాలుతుంది!